చెవిపోటు, చెవిలో చీము – ఇంటిలోని వారు తెలుసుకోవలసిన సంగతులు

పగలంతా ముక్కు కారుతూనే ఆడుకున్న పిల్లవాడు రాత్రి పదింటికి చెవి పట్టుకుని ఏడుపు మొదలుపెడతాడు. ఒడిలో నిలబెట్టి ఎత్తుకుంటే కొంచెం ఊరుకుంటాడు, పడుకోబెడితే మళ్ళీ ఏడుస్తాడు. ఇంట్లో పెద్దావిడ గరిటెలో నూనె పోసి, అందులో ఒక వెల్లుల్లి రేక వేసి పొయ్యి మీద పెడుతుంది. ఆ నూనె చెవిలో పోస్తారు. పిల్లవాడు ఇంకాసేపు ఏడ్చి ఏడ్చి, ఏ తెల్లవారుజామునో నిద్రపోతాడు. ఉదయం చూస్తే దిండు మీద పచ్చటి మరక. పిల్లవాడు లేచి నవ్వుతూ ఆడుకుంటుంటాడు. “నూనెకు తగ్గిపోయింది” అని ఇంటిల్లిపాదీ సంతోషిస్తారు.

తగ్గింది నూనె వలన కాదు. చెవి లోపల బిగబట్టి ఉన్న చీము, కర్ణభేరికి చిల్లు చేసుకుని బయటకు వచ్చింది. లోపలి ఒత్తిడి పోయింది గనుక నొప్పి పోయింది. జబ్బు మాత్రం అక్కడే ఉంది. ఈ ఒక్క విషయం మీకు అర్థమైతే ఈ వ్యాసంలో సగం చదివినట్లే. అనకాపల్లి చుట్టుపక్కల ఊళ్ళ నుండి చెవి చూపించుకోవడానికి వచ్చే పెద్దవాళ్ళను “ఇది ఎప్పటి నుండి?” అని అడిగితే, చాలామంది ఇలాంటి చిన్ననాటి రాత్రినే గుర్తు చేసుకుంటారు. ఆ రాత్రి తగ్గిపోయిందనుకున్న చెవి ఇరవై ఏళ్ళుగా కారుతూనే ఉంటుంది.

చెవి లోపల ఏముంది?

బయటకు కనబడే చెవి నుండి లోపలికి సుమారు ఒక అంగుళం పొడవున్న సన్నని దారి ఉంటుంది. దీని చివర కర్ణభేరి ఉంటుంది. అది చిటికెన వేలి గోరంత ఉండే పలుచని పొర. డప్పుకు తోలు ఎలాంటిదో చెవికి ఇది అలాంటిది. ఇంతవరకూ బయటి చెవి. కర్ణభేరి వెనుక గాలి నిండిన చిన్న గది ఉంటుంది, అదే మధ్య చెవి. అందులో మూడు బుల్లి ఎముకలు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. మన శరీరంలోని ఎముకలన్నిటిలోకీ చిన్నది వీటిలోనే ఉంది, దాని పొడవు 3 మిల్లీమీటర్లు. శబ్దం తగిలి కర్ణభేరి కదిలితే ఈ ఎముకలు ఆ కదలికను లోపలి చెవికి అందిస్తాయి. లోపలి చెవిలో నత్తగుల్ల ఆకారంలో వినికిడి భాగం, దాని పక్కనే మనం తూలిపోకుండా నిలబెట్టే భాగం ఉంటాయి.

మధ్య చెవికి ఒక గొట్టం ఉంది. అది ముక్కు వెనుక భాగంలోకి తెరుచుకుంటుంది. చోడవరం, మాడుగుల దాటి పాడేరు ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు చెవులు మూసుకుపోయినట్లయి, గుటక మింగితే టప్పున తెరుచుకోవడం మీలో చాలామందికి అనుభవమే. ఆ తెరుచుకున్నది ఈ గొట్టమే. మధ్య చెవిలోకి గాలి పంపడం, అక్కడి తేమను గొంతులోకి దించడం దీని పని. పెద్దవారిలో ఈ గొట్టం పొడవుగా, వాలుగా ఉంటుంది. పసిపిల్లల్లో పొట్టిగా, దాదాపు అడ్డంగా ఉంటుంది. కావున పిల్లలకు జలుబు చేసినప్పుడు ముక్కులోని క్రిములు తేలికగా చెవిలోకి చేరతాయి. గొట్టం వాచి మూసుకుపోతే లోపల నీరు చేరి, ఆ నీరే చీమవుతుంది. పిల్లలకు చెవిపోటు ఎక్కువగా రావడానికి, జలుబు చేసిన రెండు మూడు రోజులకే రావడానికి కారణం ఇది. “తలకు నీళ్ళు పోస్తే చెవిలోకి నీరు వెళ్ళి చీము పట్టింది” అని చాలామంది తల్లులు తమను తాము నిందించుకుంటారు. చిల్లు లేని చెవిలో స్నానం నీరు కర్ణభేరిని దాటి లోపలికి పోలేదు. క్రిములు వచ్చింది ముక్కు వైపు నుండి.

నొప్పి ఏ భాగంలో ఉందో ఇంట్లోనే కొంత తెలుసుకోవచ్చు. చెవి రంధ్రానికి ముందు ఉండే చిన్న మెత్తటి బొడిపెను మెల్లగా నొక్కండి, చెవిని కొద్దిగా పట్టి కదిలించండి. అప్పుడు నొప్పి ఎక్కువైతే జబ్బు చాలావరకు బయటి చెవి దారిలో ఉన్నట్లు. అలా కదిలించినా నొప్పి పెరగకుండా, జలుబూ జ్వరమూ ఉండి, పడుకున్నప్పుడు పోటు ఎక్కువవుతుంటే మధ్య చెవి అనుకోవాలి. మాటలు రాని బిడ్డ చెప్పలేదు గదా! చెవిని పదే పదే లాక్కోవడం, పాలు రెండు గుటకలు తాగి వదిలేసి ఏడవడం, తలను అటూ ఇటూ దొర్లించడం, జ్వరం, వాంతులు – ఇవి చూసి మీరే గ్రహించాలి. మింగేటప్పుడు చెవిలో నొప్పి పెరుగుతుంది గనుక బిడ్డ పాలు వదిలేస్తుంది. పాలు సరిపోలేదేమో, దిష్టి తగిలిందేమో అని ఒక రోజు గడిపేయకండి.

చెవిపోటు వచ్చిన రాత్రి ఏం చేయాలి?

ముందుగా నొప్పి తగ్గించాలి. దీనికి నూనెకన్నా పారాసిటమాల్ ఎంతో మేలు. బిడ్డ బరువు కిలోకు 10 నుండి 15 మిల్లీగ్రాముల చొప్పున ఒక మోతాదు. 10 కిలోల బిడ్డకు 100 నుండి 150 మిల్లీగ్రాములు. ఒక మోతాదుకూ మరో మోతాదుకూ మధ్య ఆరు గంటలు ఉండాలి, 24 గంటల్లో నాలుగు మోతాదులు మించకూడదు. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. మందుల షాపుల్లో దొరికే సిరప్‌లు అన్నీ ఒకే బలం కావు. కొన్నిటిలో 5 మిల్లీలీటర్లకు 120 లేక 125 మిల్లీగ్రాముల మందు ఉంటుంది, కొన్నిటిలో అదే 5 మిల్లీలీటర్లకు 250 ఉంటుంది. పక్కింటివారు “మా పిల్లాడికి ఒక మూత పోశాం” అన్నారని మీరూ ఒక మూత పోస్తే, మీ సీసా రెండో రకమైతే రెండింతల మందు పోసినట్లవుతుంది. సీసా మీద అంకె చూడండి. చదవడం రాకపోతే షాపులో చదివించుకుని, మోతాదు గుర్తు పెట్టించుకోండి. మూడు నెలల లోపు బిడ్డకు ఇంట్లో మందు వేయకుండా వైద్యునికే చూపించాలి. పిల్లలకు ఆస్పిరిన్ ఇవ్వకూడదు.

బిడ్డను తల కొంచెం ఎత్తులో ఉండేలా పడుకోబెట్టండి. పొడి గుడ్డను గోరువెచ్చగా చేసి చెవి మీద బయట నుండి కాపడం పెట్టవచ్చు. ముక్కు దిబ్బడగా ఉంటే ఉప్పునీటి ముక్కు చుక్కలు వేయవచ్చు. చెవిలోకి మాత్రం ఏమీ పోయవద్దు. నూనె, వెల్లుల్లి రసం, ఉల్లి రసం, ఆకు పసరు, తల్లి పాలు – వీటిలో ఏదైనా సరే. తల్లి పాలు బిడ్డ కడుపులోకి వెళితే అమృతమే, చెవిలోకి వెళితే క్రిములకు ఆహారం. కాగిన నూనె చెవి దారిలోని పలుచని చర్మాన్ని కాల్చుతుంది. పైగా మరునాడు వైద్యుడు దీపం పెట్టి చూస్తే కర్ణభేరి కనబడకుండా నూనె అడ్డుగా ఉంటుంది. పెద్దమ్మలు ప్రేమతోనే పోస్తారు, అందులో సందేహం లేదు. వారిని కోప్పడకుండా, “డాక్టరుగారు వద్దన్నారమ్మా” అని మా మీద పెట్టి చెప్పండి.

ఉదయాన్నే వైద్యునికి చూపించండి. ప్రతి చెవిపోటుకూ యాంటీబయాటిక్ మందు అవసరం లేదు. ఆరు నెలల లోపు బిడ్డలకు, రెండేళ్ళ లోపు వయసులో రెండు చెవులూ ఎర్రబడినవారికి, చెవి కారుతున్నవారికి, జ్వరం 102 డిగ్రీలు దాటినవారికి, బాగా నీరసించిన వారికి వెంటనే ఇస్తారు. మిగిలిన పిల్లల్లో చాలామందికి రెండు మూడు రోజుల్లో దానంతటదే తగ్గుతుంది గనుక, “నొప్పి మందు ఇవ్వండి, తగ్గకపోతే మళ్ళీ తీసుకురండి” అని వైద్యుడు చెప్పవచ్చు. అలా చెప్పిన వైద్యుడు పట్టించుకోలేదని అనుకోవద్దు. చెప్పిన రోజుకు మళ్ళీ వెళ్ళడం మాత్రం మరచిపోవద్దు.

యాంటీబయాటిక్ రాస్తే, సాధారణంగా అమాక్సిసిలిన్ రాస్తారు. రెండు రోజులకే నొప్పి పోయిందని ఆపేయకూడదు. మిగిలిన మందును వచ్చే నెల చెల్లెలికి పోద్దామని దాచకూడదు. పొడిలో నీళ్ళు కలిపిన సిరప్ కొద్ది రోజులే పనిచేస్తుంది, ఆ రోజులు సీసా మీదే రాసి ఉంటాయి.

ఈ మందులు లేని రోజుల్లో చెవిలో చీము అంటే ప్రాణభయమే. చెవి వెనుక ఎముకను తొలిచి చీము తీయవలసి వచ్చేది, మెదడుకు పాకి పిల్లలు చనిపోయేవారు. 1928లో పెన్సిలిన్‌ను కనుగొన్నాక, 1940ల నుండి పరిస్థితి మారింది. ఈ సందర్భంలో మన తెలుగువారిని ఒకరిని తలచుకోవాలి. 1895లో భీమవరంలో పుట్టిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ సంస్థ పరిశోధనకు నాయకత్వం వహించినప్పుడే అక్కడి నుండి 1948లో ఆరియోమైసిన్ అనే మందు వచ్చింది. టెట్రాసైక్లిన్ జాతి మందులలో మొదటిది అదే. ఎంతమంది శ్రమతోనో చేతికి వచ్చిన ఈ మందులను సగం వాడి పారవేస్తే, క్రిములు వాటికి అలవాటుపడి తరువాత లొంగవు.

నొప్పి తగ్గాక కూడా లోపలి నీరు ఇంకడానికి కొన్ని వారాలు పడుతుంది. ఆ రోజుల్లో పిల్లవాడికి కొంచెం మందంగా వినబడుతుంది. టి.వి. దగ్గరకు వెళ్ళి కూర్చోవడం, పిలిస్తే పలకకపోవడం, బడిలో పరధ్యానంగా ఉన్నాడని మాస్టారు చెప్పడం – ఇవి దాని గుర్తులు. మొండివాడని కొట్టకండి. ముందు బెంచీలో కూర్చోబెట్టమని మాస్టారుకు చెప్పండి. మూడు నెలలు దాటినా అలాగే ఉంటే వినికిడి పరీక్ష చేయించాలి. ఏటా మూడు నాలుగుసార్లు చెవిపోటు వచ్చే పిల్లలు, నోరు తెరిచి నిద్రపోతూ గురక పెట్టే పిల్లలు అయితే ముక్కు వెనుక కండ పెరిగిందేమో చూపించాలి.

చెవి కారడం: అలవాటైపోయిన జబ్బు

చెవిలో చీము రెండు వారాలకు మించి కారుతుంటే అది దీర్ఘకాలపు చెవి వ్యాధి. దీనికి సాధారణంగా నొప్పి ఉండదు, అసలు చిక్కు అక్కడే వస్తుంది. నొప్పి లేని జబ్బును మనం జబ్బుగా లెక్కపెట్టం. “చిన్నప్పటి నుండీ ఉన్నదే, జలుబు చేస్తే కారుతుంది, మళ్ళీ ఆగిపోతుంది” అంటారు. “పెళ్ళీడు వస్తే అదే పోతుంది” అంటారు. “చీము ఆపితే మెదడుకు ఎక్కుతుంది, కారనివ్వాలి” అని చెప్పేవారూ ఉన్నారు. ఇది పూర్తిగా తలకిందుల మాట. మెదడుకు పాకే ప్రమాదం కారనిస్తూ వదిలేసిన చెవికే ఉంది.

ఆడపిల్లల విషయంలో ఇంకో బాధ ఉంది. చెవి కారుతోందని నలుగురికీ తెలిస్తే సంబంధాలు రావని తల్లిదండ్రులు దాస్తారు. చెవిలో దూది కుక్కి, పైన జడ అడ్డంగా వేసి బడికి పంపుతారు. పిల్ల వినబడక చదువులో వెనకబడుతుంది, వాసన వస్తుందని తోటి పిల్లలు దూరం జరుగుతారు. దాచిన పదేళ్ళలో, చిన్న ఆపరేషన్‌తో సరిపోయే చెవి పెద్ద ఆపరేషన్ అవసరమైన చెవిగా మారుతుంది. ఇది అంటువ్యాధి కాదు, వంశాన్ని పట్టుకుని వచ్చే లోపమూ కాదు. తల్లులారా, దయచేసి దాచకండి.

వైద్యంలో మొదటి మెట్టు చెవిని పొడిగా ఉంచడం. ఇది డబ్బు ఖర్చు లేని వైద్యం, పల్లెల్లో ఆరోగ్య కార్యకర్తలకు కూడా నేర్పే పద్ధతి. నీళ్ళు బాగా పీల్చుకునే శుభ్రమైన, మెత్తని నూలు గుడ్డ ముక్కను గానీ మెత్తటి కాగితపు రుమాలును గానీ దీపం వత్తిలా నులమండి. పుల్ల వాడకూడదు. చెవిని కొంచెం లాగి పట్టుకుని వత్తిని మెల్లగా దారిలో పెట్టండి. తడిసేవరకూ ఉంచి, తీసి పారవేయండి. మరో కొత్త వత్తి పెట్టండి. వత్తి పొడిగా బయటకు వచ్చేవరకూ ఇలా చేయాలి. రోజుకు మూడుసార్లయినా చేయాలి. వత్తిని చెవిలోనే మరచిపోకూడదు. ముందూ తరువాతా చేతులు సబ్బుతో కడుక్కోండి. రెండు మూడు వారాలు ఓపికపట్టాలి. మొదటి రోజుల్లో విసుగు వస్తుంది, నిజమే. అయితే చీము నిండిన చెవిలో ఎంత ఖరీదైన చుక్కలు వేసినా అవి లోపలికి చేరవు.

పొడి చేశాక వైద్యుడు రాసిన చుక్కలు వేయాలి. సీసాను ఫ్రిజ్‌లో నుండి తీసి అలాగే వేస్తే కళ్ళు తిరుగుతాయి, ముందు రెండు నిమిషాలు గుప్పిట్లో పట్టుకోండి. చెవి పైకి ఉండేలా పడుకోబెట్టి, చిన్నపిల్లలకైతే చెవిని కిందికీ వెనక్కీ, పెద్దవారికైతే పైకీ వెనక్కీ లాగి చుక్కలు వేయండి. చెవి ముందరి బొడిపెను నాలుగైదుసార్లు నొక్కితే మందు లోపలికి దిగుతుంది. అయిదు నిమిషాలు అలాగే పడుకోవాలి. చిల్లు ఉన్న చెవికి అన్ని చుక్కలూ పనికిరావు. జెంటామైసిన్, నియోమైసిన్ వంటివి లోపలి చెవికి చేరితే వినికిడి నరాన్ని దెబ్బతీయగలవు. సిప్రోఫ్లాక్సాసిన్, ఆఫ్లాక్సాసిన్ చుక్కలు ఈ విషయంలో మేలు. ఏ చుక్కలన్నది వైద్యుడు చెవి చూసి నిర్ణయించాలి. షాపువారు ఊహించి ఇచ్చేది కాదు.

చెవి కారేవారు, కర్ణభేరికి చిల్లు ఉందని తెలిసినవారు శారదా నదిలో గానీ, ఊరి చెరువులో గానీ, పూడిమడక సముద్రంలో గానీ మునగకూడదు. చిల్లు ఉన్న చెవికి స్నానం నీరు కూడా హాని చేస్తుంది. తలంటుకునేటప్పుడు దూదికి వాజలీన్ రాసి చెవికి అడ్డం పెట్టి, స్నానం అయ్యాక తీసివేయాలి. రోజంతా దూది కుక్కి ఉంచితే లోపల ఉక్కపోసి చీము పెరుగుతుంది.

చీము ఆగి మూడు నాలుగు నెలలు పొడిగా ఉంటే, చిల్లు దానంతటదే పూడకపోతే, కర్ణభేరికి అతుకు వేసే ఆపరేషన్ చేస్తారు. చెవి దగ్గరి కండరం పొరనే చిన్న ముక్కగా తీసి అతుకు వేస్తారు. కొన్ని చెవుల్లో మాత్రం చీము కొంచెమే వస్తుంది గానీ చచ్చిన ఎలుక వంటి దుర్వాసన ఉంటుంది, ఒక్కోసారి రక్తం చార కనబడుతుంది. ఈ రకంలో లోపల చర్మం గడ్డలా పెరిగి ఎముకను తినేస్తూ ఉంటుంది. దీనికి చుక్కలతో నయం కాదు, ఆపరేషన్ తప్పదు, ఆలస్యం చేయకూడదు.

పుల్లలు, కోడి ఈకలు, పురుగులు

చెవిలోని గుబిలి మురికి కాదు. దుమ్మునూ పురుగునూ పట్టి ఆపడానికి శరీరమే తయారుచేసుకునే మైనం అది. మనం మాట్లాడేటప్పుడు, నమిలేటప్పుడు దవడ కదలికతో మెల్లగా బయటకు వస్తుంది. పిన్నీసు, అగ్గిపుల్ల, తాళంచెవి, కోడి ఈక, దూది పుల్ల – ఏది పెట్టినా సగం గుబిలి లోపలికే పోతుంది. రైల్వే స్టేషన్లలో, సంతల్లో చెవి శుభ్రం చేస్తామని తిరిగేవారికి చెవి అప్పగించడం మరీ ప్రమాదం. గుబిలి గట్టిపడి వినికిడి తగ్గితే ఆసుపత్రిలో మెత్తబరిచి తీస్తారు, అయిదు నిమిషాల పని.

వానాకాలంలో ఉక్క, తేమ వలన చెవిలో బూజు పడుతుంది. దురద విపరీతంగా ఉండి చెవి మూసుకుపోయినట్లుంటుంది. లోపల తడిసిన కాగితంలా, నల్లటి చుక్కలతో కనబడుతుంది. నూనె పోసే అలవాటున్నవారిలో, వైద్యుని అడగకుండా నెలల తరబడి చుక్కలు వాడేవారిలో ఇది ఎక్కువ. దీని మందు వేరు, చీముకు వేసే చుక్కలు వేస్తే ఇంకా పెరుగుతుంది.

చెరకు నరికే రోజుల్లో, ఆరుబయట పడుకునే రోజుల్లో చెవిలో పురుగు దూరడం సాధారణం. లోపల అది కదులుతుంటే మనిషి తల్లడిల్లిపోతాడు. చెవికి చిల్లు లేదని తెలిస్తే, వేడి చేయని కొబ్బరినూనె గానీ వంటనూనె గానీ నాలుగైదు చుక్కలు వేయండి. పురుగు ఊపిరాడక చనిపోతుంది. తరువాత ఆసుపత్రిలో తీయించుకోవాలి. ఇంతకుముందు నూనె వద్దన్న మేమే ఇప్పుడు పోయమంటున్నామని ఆశ్చర్యపోకండి, నూనెకు చెవిలో ఉన్న ఉపయోగం ఇదొక్కటే. పిల్లలు పెసర గింజో శనగ గింజో దూర్చుకుంటే నీళ్ళు పోయకూడదు, గింజ ఉబ్బి బిగుసుకుపోతుంది. ఆటవస్తువుల్లో ఉండే బొత్తాం వంటి బ్యాటరీ దూరితే అది గంటల్లోనే లోపల కాల్చేస్తుంది. చుక్కలేవీ వేయకుండా అదే గంటలో ఆసుపత్రికి పరుగెత్తాలి.

ఇంకొక మాట. గూబ గుయ్యిమనేలా కొట్టాను అని మనం గొప్పగా చెప్పుకుంటాం. అరచేత్తో చెవి మీద కొట్టిన దెబ్బకు కర్ణభేరి చిరిగిపోతుంది. ఇంట్లో గానీ బడిలో గానీ పిల్లల చెవి మీద కొట్టకూడదు. అలా చిరిగితే ఏ చుక్కలూ వేయకుండా, నీరు తగలకుండా ఉంచి చూపించండి. ఎక్కువమందికి రెండు నెలల లోపు దానంతటదే పూడుతుంది.

పెద్దవారి చెవిపోటు

పెద్దవారిలో చెవి నొప్పి ఒక్కోసారి చెవిది కాదు. పుచ్చిన దవడ పన్ను, గొంతు, దవడ కీలు – వీటి నొప్పిని కూడా చెవిలోనే ఉన్నట్లు నరాలు చూపిస్తాయి. మన ఉత్తరాంధ్ర పల్లెల్లో కొందరికి, ముఖ్యంగా పెద్ద వయసు స్త్రీలకు, చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ అలవాటు ఉంది. దీని వలన అంగిలి మీద పుండ్లు, క్యాన్సర్ వస్తాయని వైద్యులు దశాబ్దాల క్రితమే గుర్తించారు. చుట్ట, బీడీ, గుట్కా అలవాటున్న మనిషికి ఒకవైపు చెవి నొప్పి మూడు వారాలు దాటి, చెవిలో చూస్తే ఏమీ లేకపోతే, నోరూ గొంతూ తప్పక పరీక్ష చేయించాలి. మింగుడు పడకపోవడం, గొంతు బొంగురు, మెడలో గడ్డ ఉంటే అసలు ఆలస్యం వద్దు.

షుగరు వ్యాధి ఉన్న పెద్దవారికి చెవి నొప్పి రాత్రిళ్ళు నిద్ర పట్టనివ్వనంతగా ఉంటే దానిని మామూలు పోటుగా తీసుకోకండి. వారిలో బయటి చెవి దారిలోని చీము కింది ఎముకలోకి పాకగలదు. ముఖం ఒకవైపు జారిపోయేవరకూ ఆగినవారు ఉన్నారు. ఇంకా, నొప్పేమీ లేకుండా ఉన్నట్టుండి ఒక చెవి వినబడడం మానేస్తే, గుబిలి అనుకుని వారం గడపకండి. అది నరం జబ్బు కావచ్చు, మొదటి కొద్ది రోజుల్లో మందు మొదలుపెడితేనే వినికిడి తిరిగి వచ్చే అవకాశం ఎక్కువ.

ఏ వయసువారికైనా సరే, చెవి వెనుక ఎర్రగా వాచి చెవి ముందుకు తోసుకు రావడం, ముఖం వంకరపోవడం, కళ్ళు తిరిగి నిలబడలేకపోవడం, చెవి కారుతూ తీవ్రమైన తలనొప్పి, వాంతులు, మెడ బిగుసుకోవడం, ఫిట్స్, మగత – వీటిలో ఏ ఒక్కటి కనబడినా ఆ రాత్రే బయలుదేరాలి. 108 వాహనాన్ని పిలవండి.

రాకుండా చూసుకోవడం

ఆరు నెలల వరకు తల్లి పాలు మాత్రమే ఇవ్వడం చెవికి కూడా రక్ష. బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టి సీసా నోటికి అందించకండి, ఆ పాలు గొంతు నుండి చెవి గొట్టంలోకి వెళతాయి. తల ఎత్తి పట్టుకుని పట్టండి. ఇంట్లో చుట్ట, బీడీ కాల్చవద్దు. ఇది తాతగారికి చెప్పడం కష్టమే, మనవడి చెవి కోసం అని చెబితే వింటారు. టీకాలన్నీ వేయించండి. నిమోనియా టీకా కొన్ని రకాల చెవి చీమును కూడా తగ్గిస్తుంది. తట్టు, రుబెల్లా టీకా, ఆ జబ్బుల వలన వచ్చే చెవుడు నుండి కాపాడుతుంది. ముక్కు చీదేటప్పుడు రెండు రంధ్రాలూ మూసి గట్టిగా చీదకుండా, ఒక్కొక్కటిగా మెల్లగా చీదమని పిల్లలకు నేర్పండి.

ఎక్కడికి వెళ్ళాలి?

మొదట మీ దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం గానీ మన ఓ.పి. గానీ చాలు. ఆపరేషన్ అవసరమైతే విశాఖపట్నం పెదవాల్తేరులో చెవి, ముక్కు, గొంతు వ్యాధుల ప్రభుత్వ ఆసుపత్రి ఉంది. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై, 2024 నుండి డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తున్న పథకం కింద మీ చెవి ఆపరేషన్ వస్తుందో లేదో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడగండి. కార్డు వెంట తీసుకువెళ్ళండి.

చెవి చూపించడానికి వచ్చేటప్పుడు ఆ ఉదయం నూనె గానీ పసరు గానీ వేయకండి. ఎప్పటి నుండి కారుతోంది, ఏ చెవి, వాసన ఉందా, వినికిడి తగ్గిందా అన్నది ఇంట్లోనే అనుకుని రండి. పాత చీటీలు, ఇంతవరకు వాడిన చుక్కల సీసాలు ఖాళీవైనా సరే సంచిలో వేసుకుని తీసుకురండి. ఎక్కడో ఒక ఆర్‌.ఎం.పి. దగ్గర సూది వేయించుకుని ఉంటే అదీ చెప్పండి, ఎవరూ మిమ్మల్ని కోప్పడరు. చిన్న బిడ్డ అయితే బిడ్డను ఒడిలో గట్టిగా పట్టుకోగల మనిషి ఒకరు తోడు రావాలి.